సెల్విన్ రంకె

రీఫ్టన్‌లో సెల్విన్ టారెంట్ ఇల్లెక్కడని అడిగితే పిల్లలు ముందు రంకె వేసి చూపిస్తారు, ఆ తర్వాతే దారి చెబుతారు. సగం జీవితం మాంసం కొట్టు నడిపాడు మనిషి. ఊళ్ళో మంటలు లేస్తే అర్ధాంతరంగా కత్తి పక్కన పడేసి నీళ్ళ గొట్టం పట్టుకోవడానికి పరుగెత్తాడు. రగ్బీ క్లబ్బు పైకప్పుకి చందాలు పోగుచేసి రేకులు వేయించాడు. అవేవీ ఎవరికీ గుర్తులేవు. అచ్చం దుప్పిపోతులా రంకె వేయగలడన్న ఒక్క సంగతినే ఊరు పట్టుకుంది.

ఏప్రిల్ వస్తే మా కొండల్లో దుప్పిపోతులకు ఒళ్ళు తెలియదు. తిండి మానేస్తాయి, బురదలో పొర్లి కంపు కొడతాయి, ఆడవాటి కోసం గొంతు చించుకుంటాయి. ఇంకో పోతు రంకె చెవిన పడిందా, దాని అంతు చూడ్డానికి కొమ్మలు విరుచుకుంటూ వచ్చేస్తాయి. వేటగాడికి కావలసింది ఆ కోపమే. చెట్టు చాటున కూర్చుని, ఏదో ఒక గొట్టం నోట పెట్టుకుని, తనూ ఒక పోతునే అన్నట్టు తిట్టిపోస్తాడు. కొందరు నీళ్ళ పైపు ముక్క వాడతారు, కొందరు పాత దుమ్మూడ్చే యంత్రం గొట్టం ఊడబీక్కొస్తారు. సెల్విన్‌ది మాత్రం వాళ్ళ నాన్న ఇచ్చిన ఎద్దుకొమ్ము. ముందు లోలోపల మూలుగు, తర్వాత కొండంతా నిండే పొడుగాటి రంకె, చివర మూడు పొడి దగ్గులు. ఆ మూడు దగ్గులూ టారెంట్ల ఇంటి సొత్తు. తన పెళ్ళి విందులో అతిథులు పట్టుబడితే ఒకసారి వేశాడు. పెళ్ళికూతురు నైరీ మేనత్త చేతిలో కేకు పళ్ళెం జారి నేలపాలైంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ సెల్విన్‌తో మాట్లాడలేదు.

నాన్న కొమ్ముతో పాటు రెండు మాటలు కూడా ఇచ్చాడు. మొదటిది, గోధుమరంగు కనిపించినంత మాత్రాన అది దుప్పి కాదు. తల, మెడ, భుజం, కాలు అన్నీ కలిపి కనిపించేదాకా అది మనిషే అనుకో. రెండోది, అడవిలో నడిచేటప్పుడు తుపాకీ గొట్టంలో తూటా ఉండకూడదు. తూటాలు కింద మ్యాగజైన్‌లో ఉండనీ. పైనున్న తూటాని బొటనవేలితో నొక్కిపట్టి, దాని మీదుగా బోల్టుని, అంటే తూటాని గొట్టంలోకి తోసే గడియని, ఖాళీగా మూసెయ్. జంతువు కనబడ్డాక బోల్టు లాగి తూటా ఎక్కించు. ఆయన స్నేహితుడొకడు ఏటి రాళ్ళ మీద కాలు జారి, సొంత తుపాకీకే బలయ్యాడు. ఆ శవాన్ని మోసుకొచ్చినవాడు చెప్పిన మాట కాబట్టి సెల్విన్ దాన్ని ఎన్నడూ జవదాటలేదు.

డెబ్భై దాటాక సెల్విన్ కుడికన్ను మోసం చేయడం మొదలుపెట్టింది. అన్నం పళ్ళెంలో పడాల్సిన టమాటా సాసు బల్ల మీద పడింది. నైరీ గుడ్డతో తుడిచింది. అదే వారంలో రెండోసారి పడ్డప్పుడు కారు తాళాలు తీసుకుని, "లే, గ్రేమౌత్ ఆసుపత్రికి వెళ్దాం" అంది. కంటి డాక్టరమ్మ దీపం వేసి చూసి, కంటి నడిమి పొర అరిగిపోతోందనీ, ఎడమకన్నులో కూడా మొదలైందనీ, నెమ్మదించడానికి సూది మందు ఉంది గానీ పోయిన చూపు తిరిగి రాదనీ చెప్పింది. అద్దం మీద బొటనవేలితో రుద్దినట్టు, ఎటు చూస్తే అటే మధ్యలో ఒక మసక. అంచులు మాత్రం బాగానే కనబడతాయి. అందువల్ల నడవగలడు, కట్టెలు కొట్టగలడు, ఎదుటివాళ్ళకు అనుమానం రాకుండా నెగ్గుకు రాగలడు. నెగ్గుకొచ్చాడు కూడా, ఏడాది పాటు.

"రెవికి చెప్పావా?" అని ఏప్రిల్ దగ్గరపడ్డాక నైరీ నిలదీసింది. ఏటా వేటకి సెల్విన్ జోడీ రెవి.

"కొండ మీద చెప్తాలే."

"పక్క వీధిలో ఉన్నాడు మనిషి. కొండెక్కి చెప్పేదేముంది?"

"ఇక్కడ చెప్తే నన్ను తీసుకెళ్ళడు."

"తుపాకీ ఇంట్లో పెట్టి వెళ్ళు. వంట చెయ్యి, కట్టెలు కొట్టు, నీ రంకెలు నువ్వు వేసుకో. ఎవరొద్దన్నారు?"

"అంటే, గుడిసెలో వంటవాడిగానా?"

నైరీ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "మరి ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా నేనేం వెలగబెడుతున్నానని నీ ఉద్దేశం?"

సెల్విన్ తల వంచుకున్నాడు. ఆమెకి అర్థం కాక కాదు. కొట్టు అమ్మేశాడు, అగ్నిమాపక దళం వయసైపోయిందని జ్ఞాపికగా ఒక కప్పు చేతిలో పెట్టి ఇంటికి పంపింది, పిల్లలు తమ తమ గొడవల్లో ఉన్నారు. ఏటా వేటకని కొండ మీద గడిపే ఆ వారం రోజుల గుడిసె ఒక్కటే మిగిలింది. అక్కడ తను ఎవరికీ బరువు కాదు. తుపాకీ లేనివాడికి గుడిసెలో మంచం ఎందుకిస్తారని అతని భయం. ఆ భయం చెప్పుకోలేక, "తుపాకీ చేత పట్టేలోపు రెవికి చెప్తాను, ఒట్టు" అన్నాడు. నైరీ ఆ ఒట్టుని నమ్మి, చిన్న చేప పిల్లల అట్లు డబ్బా నిండా కట్టి ఇచ్చింది.

రెవి పూర్తి పేరు రెవి పరావోనే. బొగ్గు లారీ నడిపి రిటైరైనవాడు. పొట్ట ముందు నడుస్తుంటే వెనకాల తను నడుస్తాడు. సెల్విన్‌తో కలిసి ఆ గుడిసెకి పోవడం మొదలెట్టినప్పుడు ఇద్దరికీ జుట్టుండేది. అడవి అంచు దాటుతూనే మొదటి మాను మీద అరచెయ్యి ఆనించి, తాతల భాషలో రెండు ముక్కలు ప్రార్థన చెప్పుకుంటాడు. ఆ కాసేపే రెవి నోరు సరదాకి దూరంగా ఉండేది. మూడోవాడు రెవి అల్లుడు డార్సీ. ఇళ్ళు కట్టే మేస్త్రీ, మంచివాడే గానీ, దుకాణంలోవాడు ఏది చూపిస్తే అది కొనే జబ్బుంది.

గుడిసెకి చేరగానే డార్సీ తన సామాను పరిచాడు. చీకట్లో ఒంటి వేడిని చూపించే దుర్భిణి, దూరం కొలిచే యంత్రం, ఈకంత బరువున్న ముక్కాలి పీట, నడిస్తే చప్పుడు కాని ప్యాంటు. బంకు మంచాల మీద చోటు చాలక టేబుల్ ఎక్కాయి.

"అల్లుడూ, బీన్స్ డబ్బా తియ్యరా, ఆకలేస్తోంది" అన్నాడు రెవి.

డార్సీ సంచి మొత్తం తిరగేశాడు. డబ్బా మూత తీసే కత్తి మాత్రం లేదు.

"ఆ యంత్రాన్ని అడుగు. మూత ఎంత దూరంలో ఉందో చెప్తుంది" అన్నాడు రెవి.

డార్సీకి ఉడుక్కోవడం తెలియదు. సెల్విన్ తుపాకీ వైపు చెయ్యి చూపించి, "పెద్దాయనా, అది తుపాకీయా, గేటు గడియా?" అన్నాడు. పాత యుద్ధం నాటి త్రీ నాట్ త్రీ అది. మడమ కట్టె పగిలితే రాగి తీగ చుట్టి ఉంది.

"గడియైనా నయమే. గడియ వేస్తే తలుపు మూసుకుంటుంది" అని రెవి అందుకున్నాడు. "వీడు తుపాకీ ఖాళీగా మోస్తాడు చూడు. పోతు ఎదురుగా నిలబడితే అప్పుడు బోల్టు లాగి, తూటా ఎక్కించి, ముక్కు తుడుచుకునేసరికి అది నెల్సన్ ఊళ్ళో టీ తాగుతుంటుంది."

"నీ రంకె విన్న పోతు అసలు ఎదురుగా వస్తే కదా, నెల్సన్ పోయేది" అన్నాడు సెల్విన్. రెవి రంకె వేస్తే దూడ అడ్డం తిరిగిన ఆవు మూలిగినట్టుంటుందని కొండకి ఇటూ అటూ అందరూ ఒప్పుకున్న విషయం. ఏటా మొదటి రోజు సాయంత్రం అతను గడప మీద నిలబడి ఒకటి వేయడం, మిగిలినవాళ్ళు పొట్ట పట్టుకు నవ్వడం ఆనవాయితీ. ఈసారి మాత్రం, "గొంతు బాగాలేదు" అని తప్పించుకున్నాడు. అతని సంచిలో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువేదో ఉంది. డార్సీ చెయ్యి వేయబోతే, "అది నా నడుం నొప్పికి, ముట్టుకోకు" అని లాక్కున్నాడు. అడవిలో మనిషని దూరానికే తెలియడానికి డార్సీ కొనితెచ్చిన నారింజరంగు చొక్కా కూడా వేసుకోనన్నాడు. "రోడ్డు మీద అడ్డం పెట్టే బొమ్మలా ఉంటాను. నా గోధుమరంగు ఉన్ని చొక్కా చాలు."

లోపలికి రాగానే ఎవరి తుపాకీ బోల్టు వాళ్ళు ఊడదీసి, పొయ్యి పైనున్న టీ డబ్బాలో వేయాలి. ఆ తర్వాతే సీసా మూతలు తీయొచ్చు. భోజనాలయ్యాక రెవి మూడు అగ్గిపుల్లలు తుంచి పిడికిట్లో పట్టుకుంటాడు. పొట్టిపుల్ల తీసినవాడికి వాగుకి ఎడమ గట్టు, నడిమిదానికి కుడి గట్టు, పొడుగుదానికి పైనున్న గిన్నె లోయ. ఎవడి వంతు కొండ వాడిదే. వాగు దాటి ఇంకొకడి వైపు కాలు పెట్టకూడదు. గుడిసెలో ఎన్ని బూతులైనా మాట్లాడొచ్చు, ఎంత గురకైనా పెట్టొచ్చు గానీ, ఆ ఒక్క నియమం మాత్రం తప్పకూడదు.

పుల్లలు తీసేముందే చెప్పేద్దామని సెల్విన్ గొంతు సవరించుకున్నాడు. "రెవీ, నీతో ఒక మాట..."

రెవి విననే లేదు. అల్లుడికి పాఠం చెబుతున్నాడు. "నువ్వు పక్క కొండ మీద ఉన్నావంటే ఎప్పుడు తూటా తగులుతుందోనని నాకు వీపు దురద పెడుతుంది, నిజం చెప్తున్నా. ఇదిగో, వీడు ఉన్నాడే, వీడు పక్కనుంటే నేను కళ్ళు మూసుకుని తిరుగుతా. తోక నుంచి కొమ్ము దాకా చూడనిదే వీడు ఈగని కూడా కొట్టడు." ఆ మాటతో పాటు భుజం మీద ఒక దెబ్బ వేసి, "ఏంట్రా, ఏదో అంటున్నావు?" అన్నాడు.

"ఏం లేదు. ఉప్పు కాస్త తక్కువైంది" అన్నాడు సెల్విన్.

ఆ క్షణంలో అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి చాచి పుల్ల తీశాడు. కుడి గట్టు వచ్చింది. రెవికి ఎడమ గట్టు, డార్సీకి గిన్నె లోయ.

తెల్లారాక మంచు గడ్డి మీద కరకరలాడుతుంటే ముగ్గురూ మూడు దారులు పట్టారు. వాగు దగ్గర సెల్విన్ ఆగి, బొటనవేలితో పై తూటాని నొక్కి, బోల్టు ఖాళీగా మూసి, సేఫ్టీ మీట వేసుకున్నాడు. తుపాకీ ఊరికే మోస్తున్నానంతే, కాల్చేదేముంది, రంకె వేసి పోతుని చూసి వచ్చేస్తాను, సాయంత్రం రెవికి చెప్పేస్తాను అని తనకి తను నచ్చజెప్పుకున్నాడు. ఆ నచ్చజెప్పడంలో నిజం ఎంతో అతనికీ తెలియదు.

గట్టు మెడ దగ్గర, నాచు పట్టిన మానుకి వీపు ఆనించి కొమ్ము ఎత్తాడు. మూలుగు, రంకె, మూడు దగ్గులు. చప్పుడు లోయంతా తిరిగి చల్లారింది. రెండోసారి వేశాడు. కింద వాగు వైపు నుంచి బదులు వచ్చింది.

ముసలి ప్రాణం లేచొచ్చింది. మంచి పోతు అది. లోతైన గొంతు, తొందరపాటు లేని కోపం. సెల్విన్ ఒకటి అంటే అది రెండు అంటోంది. అతను మూలిగితే మూలుగుతోంది, అతను దగ్గితే సరిగ్గా మూడు దగ్గులు దగ్గుతోంది. ఇంత చక్కగా మాటకి మాట చెప్పే పోతు తన జన్మలో తగల్లేదని మురిసిపోయాడు. చూపు పోతేనేం, ఈ గొంతుకి ఇంకా విలువుంది. చెట్టుకొమ్మలు విరుస్తూ అది గట్టెక్కి వస్తోంది. సెల్విన్ గుండె దడదడలాడుతోంది, కుర్రతనంలో కొట్టుకున్నట్టే.

ఫెర్న్ పొదల్లో ఏదో కదిలింది. నేరుగా చూస్తే మసక. పక్కకి చూపు తిప్పితే అంచులో గోధుమరంగు, దాని మీద ఎండుకొమ్మల్లాంటివి అటూ ఇటూ ఊగుతున్నాయి. తల అనుకున్నాడు. దాని కింద వెడల్పుగా ఉన్నది భుజం అనుకున్నాడు. నాన్న చెప్పినవన్నీ వరసగా ఉన్నట్టే తోచింది. కన్ను చూడనిదంతా మనసే పూరించింది. తుపాకీ భుజానికి చేరింది, సేఫ్టీ పక్కకి జరిగింది. పొదలోంచి ఇంకో రంకె లేస్తుండగా సెల్విన్ ట్రిగ్గర్ నొక్కాడు.

టక్ మంది. అంతే.

బోల్టు లాగడం మర్చిపోయాడు. ఇన్నేళ్ళ వేటలో ఎన్నడూ మర్చిపోనిది. ఛీ అనుకుంటూ బోల్టు వెనక్కి గుంజి, ముందుకి తోసి, తూటా ఎక్కించాడు. వేలు మళ్ళీ ట్రిగ్గర్ మీదికి వచ్చింది.

పొదలో పోతు దగ్గింది. నాలుగో దగ్గు. ఆ వెనకే ఐదోది, ఆరోది, పొగాకు పీల్చి పీల్చి పాడైన ఊపిరితిత్తుల్లోంచి వచ్చే తెరలు తెరలు దగ్గు.

"ఒరేయ్ సెల్! చచ్చిపోతున్నా, ఇక నావల్ల కాదు!" అంటూ రెవి ఫెర్న్‌ల మధ్య నుంచి నవ్వుతూ లేచాడు. గోధుమరంగు ఉన్ని చొక్కా, చేతిలో సాగే ప్లాస్టిక్ గొట్టం. "నన్ను ఆవు అన్నావు కదరా! దూడ అడ్డం తిరిగిందన్నావు కదరా! నెలల తరబడి గ్యారేజీలో సాధన చేశా. నీ దగ్గులు కూడా నేర్చుకున్నా. ఇప్పుడు చెప్పు, ఎవడ్రా ఆవు?"

సెల్విన్ తుపాకీ దించాడు. బోల్టు తెరిచి తూటా బయటికి లాగితే, అది నాచు మీద పడింది. వంగి దాన్ని వెతుక్కుంటూ అక్కడే కూర్చుండిపోయాడు.

"అయ్యో, కూర్చుండిపోయావేంట్రా? చలా?" రెవి ఫ్లాస్కులోంచి టీ పోసి చేతిలో పెట్టాడు. "మొహం చూడు, పాలిపోయింది. నిజం దుప్పే అనుకున్నావు కదూ? ఒప్పుకో."

"అనుకున్నా" అన్నాడు సెల్విన్. ట్రిగ్గర్ చప్పుడూ, బోల్టు చప్పుడూ రెవి రంకెలోనే కలిసిపోయాయి కాబట్టి అతనికి వినబడలేదు. తను చెబితే తప్ప ఆ సంగతి ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. కప్పుని రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు. పక్కన కూర్చుని రెవి మనవరాలు గుర్రం ఎక్కడం నేర్చుకుంటున్న సంగతి చెబుతున్నాడు. ఆ బొంగురుగొంతు ఇంకా వినబడుతున్నందుకు సెల్విన్‌కి ఏడుపొచ్చింది. ముఖం అటు తిప్పుకున్నాడు.

సాయంత్రం గుడిసెలో రెవి పండగ చేశాడు. డార్సీ కూర గిన్నె కలుపుతుంటే అతని చుట్టూ తిరుగుతూ కథ మొత్తం ఆడి చూపించాడు. ఎలా వాగు దాటాడో, పొదలో ఎలా పాకాడో, తలకి ఎండుకొమ్మ ఎలా పెట్టుకున్నాడో.

"మామా, వాగు దాటావా?" అన్నాడు డార్సీ, నవ్వు సగంలో ఆపి.

"అవతల ఉన్నది ఎవడనుకున్నావు? సెల్విన్ టారెంట్! అయినా వీడి మొహం చూడాల్సింది రా. తుపాకీ ఎత్తి నిలబడ్డాడు, నిజంగా దుప్పిపోతే వచ్చిందని! చెప్పరా సెల్, ఎంతసేపు నమ్మావు?"

సెల్విన్ అప్పటికి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పళ్ళెం పక్కకి జరిపాడు.

"నేను నొక్కాను" అన్నాడు.

"ఏంటి నొక్కింది?"

"ట్రిగ్గర్. నువ్వు పొదలో ఉండగా. లోపల తూటా లేదు, బోల్టు లాగడం మర్చిపోయాను. లాగి ఉంటే నువ్విప్పుడు ఈ కథ చెప్పేవాడివి కాదు."

రెవి ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఇది కూడా సరదాయేమోనని వెతుక్కుంది. "లేదురా. నువ్వు చూడకుండా..."

"చూడలేదు. చూడలేను. ఏడాదైంది, ఎటు చూస్తే అటే మసక. నైరీకి తెలుసు. నీకు చెప్పి కానీ తుపాకీ ముట్టనని ఒట్టేసి వచ్చాను. ముట్టాను."

డార్సీ పొయ్యి మంట తగ్గించాడు. రెవి తలుపు తీసుకుని బయటికి పోయాడు. కాసేపటికి గొడ్డలి చప్పుడు మొదలైంది. కట్టెలు మూడు రోజులకి సరిపడా ఉన్నాయి. అయినా కొడుతూనే ఉన్నాడు.

"పెద్దాయనా, చెప్పకుండా ఉంటే సరిపోయేది కదా. ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు" అన్నాడు డార్సీ మెల్లిగా.

"రేపు మళ్ళీ పుల్ల తీయాలి కదా, తుపాకీ పట్టాలి కదా" అన్నాడు సెల్విన్. డార్సీకి ఆ మాట అర్థమయ్యాక కూర గిన్నె మీద మూత పెట్టి, అతనూ కూర్చున్నాడు.

రెవి చేతుల నిండా కట్టెలతో వచ్చి, వాటిని పొయ్యి పక్కన ధనామని పడేశాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇక రావద్దంటావని."

"అంటానో లేదో నన్ను అననివ్వాలి కదరా! నా బదులు నువ్వే అనేసుకుంటే ఎలా?" రెవి ఒక కట్టెని కాలితో తన్నాడు. "రేపు నా పెళ్ళాం రోజ్‌కి ఎవడు చెప్పేవాడు? నువ్వా? ఆ తలుపు తట్టి ఏమని చెప్పేవాడివి?"

రెవి కుర్చీ లాక్కుని, అందరికీ వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటి తర్వాత ఆ గోడకే చెబుతున్నట్టు, "వాగు నేనే దాటాను. నవ్వు కోసం" అన్నాడు. తర్వాత, "ఇవాళ నాతో మాట్లాడకు" అన్నాడు. చల్లారిన కూరని అలాగే తినేసి పడుకున్నాడు.

పొద్దున్నే రెవి టేబుల్ దగ్గర అగ్గిపుల్లలు తుంచుతున్నాడు. సెల్విన్ చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. రెండే తుంచాడు. ఒకటి తను తీసుకుని, రెండోది డార్సీకి అందించాడు. సెల్విన్ బూట్లు వేసుకున్నాడు. అన్యాయమేమీ లేదు, ఈ మర్యాదైనా ఎక్కువే అనుకున్నాడు. టీ డబ్బా వైపు చూడకుండా తలుపు మూలనున్న గొడ్డలి అందుకున్నాడు.

"అదెక్కడికి?" అన్నాడు రెవి.

"కట్టెలకి."

"కట్టెలు నిన్ననే కొట్టేశాను, చూడలేదా?" అని నాలుక్కరుచుకున్నాడు. "గొడ్డలి అక్కడ పెట్టు. కొమ్ము తెచ్చుకో. కుడి గట్టు వచ్చింది మనకి."

మనకి అన్నాడు. సెల్విన్ గొడ్డలిని గోడకి ఆనించబోతే అది జారి డార్సీ ముక్కాలి పీట మీద పడింది. డార్సీ దాన్ని కాలితో పక్కకి నెట్టాడు. తను కొనితెచ్చిన నారింజరంగు చొక్కా తీసి మామకిచ్చాడు. రెవి దాన్ని పొట్ట మీద నుంచి లాగి లాగి వేసుకున్నాడు, బొత్తాలు పట్టలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వాగు దగ్గర రెవి ఆగాడు. సెల్విన్ వెనకే ఆగి విన్నాడు. బోల్టు తెరుచుకుంది. తూటా ముందుకి జరిగితే ఇత్తడి గీసుకునే సన్నటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రాలేదు. లావు బొటనవేలు ఏదో నొక్కిపట్టడానికి తంటాలు పడింది, రెవి నోట్లో ఏదో గొణుక్కున్నాడు, చివరికి బోల్టు ఖాళీగా మూసుకుంది. జీవితమంతా ఎగతాళి చేసిన పనిని మనిషి తడబడుతూ నేర్చుకుంటున్నాడు. రెవి వెనక్కి తిరిగి చూడకుండా గట్టెక్కసాగాడు, సెల్విన్ వెంట నడిచాడు.

గట్టు మెడ దగ్గర ఇద్దరూ ఒకే మానుకి వీపులు ఆనించారు. సెల్విన్ కొమ్ము ఎత్తాడు. మూడో రంకెకి పైనుంచి బదులొచ్చింది. ఈసారిది బొంగురు గొంతు, తొందరెక్కువ, చివర దగ్గులేమీ లేవు. గాలిలో దాని కంపు ముందుగా వచ్చింది, తర్వాత కొమ్మలు విరిగే చప్పుడు.

"వచ్చాడు. రాళ్ళ పక్కన" అని రెవి చెవిలో ఊదాడు. "తల కనబడుతోంది. మెడ, నల్లగా బురద. అబ్బ, ఏం కొమ్ములు రా, ఎడమవైపు ఆరు పాయలు. భుజం. ముందుకాలు. రెండో కాలు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. పక్కకి తిరిగాడు. మొత్తం ఉన్నాడు సెల్, తోకతో సహా మొత్తం ఉన్నాడు."

సెల్విన్ కళ్ళు మూసుకున్నాడు. పోతు అతనికి స్పష్టంగా కనబడింది.

రెవి బోల్టు లాగాడు. అలవాటు లేని చెయ్యి, బలంగా లాగింది. ఖణేల్‌మన్న చప్పుడు గట్టు దాటి వినబడింది. రాళ్ళ మీద గిట్టలు టకటకలాడాయి, ఫెర్న్ పొదలు గుప్పున కదిలాయి, తర్వాత కొండ మొత్తం ఖాళీ.

రెవి తుపాకీని మోకాళ్ళ మీదికి దించుకున్నాడు.

"నెల్సన్ చేరి ఉంటుంది" అన్నాడు సెల్విన్.

రెవికి నవ్వు రాలేదు. ముందు తూటా బయటికి తీసి, సెల్విన్ చెయ్యి లాక్కుని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. తర్వాత బోల్టు ఖాళీగా మూసుకున్నాడు.

"పోతే పోయింది లేరా" అన్నాడు. "ఇంకోదాన్ని పిలువు."